అల్లుడికి, ప్లగ్ పెట్టే ముందు

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. మంచు మీద లాగే బండిలా కింద రెండు పట్టాలు, మెరిసే మూతి, గుడ్డ అల్లిన పైపు. ఎలక్ట్రోలక్స్ వాళ్ల మూడు ఎక్స్‌ల మోడల్ వాక్యూమ్ క్లీనర్ అది, 1937లో వచ్చింది. లురెల్ గిల్డ్ అనే డిజైనర్ గీసిన రూపం. ఇంటి సామాన్లన్నీ అమ్మేసే ఎస్టేట్ సేల్‌లో ఇరవై డాలర్లకి దొరికిందంటే నీ పంట పండినట్టే. కానీ ఫొటో కింద నువ్వు రాసింది చదివి గుండె ఝల్లుమంది: "ప్లగ్ పెట్టి చూడనా మావయ్యా?"

పెట్టకు. ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

అంత పాత వైరుకి పైన గుడ్డ బాగానే కనిపిస్తుంది, లోపలి రబ్బరు మాత్రం అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది. ప్లగ్ దగ్గరా, మెషీన్‌లోకి వెళ్లేచోటా మెల్లగా వంచి చూడు. పెచ్చులు రాలితే వైరు మార్చాల్సిందే. పైగా దానికి ఎర్త్ లేదు, ఒళ్లంతా లోహం. మల్టీమీటర్ తీసుకుని, స్విచ్ ఆన్‌లో ఉంచి, ప్లగ్ పిన్నులకీ బాడీకీ మధ్య కంటిన్యుయిటీ, అంటే కరెంటు పారే దారి ఉందేమో చూడు. కొంచెం చూపించినా అక్కడే ఆగిపో. ఏమీ లేకపోతే, గరాజ్‌లో టెస్ట్, రీసెట్ బటన్లు ఉండే సాకెట్‌ ఉంటుంది కదా, మొదటిసారి అందులోనే పెట్టు. కరెంటు లీకైతే అది వెంటనే ట్రిప్ అవుతుంది.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన తెలివేం కాదు. ఒకసారి ఇక్కణ్నుంచి ఒక మెషీన్‌ని చీరల మధ్య చుట్టి హైదరాబాద్ పట్టుకెళ్లాను, మీ అమ్మమ్మకి చూపించి మురిసిపోదామని. అడాప్టర్ ఉంది కదా అని ధీమా. అది పిన్నులు మారుస్తుంది గానీ వోల్టేజీ మార్చదని ఆ క్షణంలో తోచలేదు. 120 వోల్టుల మోటారుకి 230 తగిలింది. రెండు సెకన్లు విమానంలా అరిచి ఊరుకుంది. హాలంతా కాలిన వాసన. మీ అమ్మమ్మ తాపీగా, "చీపురు తేనా నాన్నా?" అంది.

మోటారు తిరిగాక చూడటం మానేసి వినడం మొదలుపెట్టు. పాత వాక్యూమ్‌లు పోగేసే ఈ హాబీలో సగం చెవులతోనే. పైపు చివర అరచెయ్యి అడ్డం పెడితే మోత సన్నగా, పైకి వెళ్లాలి. మోటారు కష్టపడుతోందేమో అని చాలామంది కంగారు పడతారు. నిజానికి అప్పుడు ఫ్యాన్‌కి తొయ్యడానికి గాలి లేక బరువు తగ్గుతుంది, అందుకే వేగం పెరుగుతుంది. మూడు నాలుగు సెకన్లు చాలు, చెయ్యి తీసెయ్యి. ఇలాంటి మెషీన్లలో లాగే గాలే మోటారుని చల్లబరుస్తుంది కూడా. చెయ్యి పెట్టినా మోత మారకపోతే గాలి ఎక్కడో తప్పించుకుంటోందన్నమాట. ఆ గుడ్డ పైపునే ముందు అనుమానించు. ఇక మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల దగ్గర చిన్న నీలి నిప్పురవ్వలు మామూలే. ఆ బ్రష్‌లు రాసుకునే రాగి చక్రం (కమ్యుటేటర్) చుట్టూ నిప్పు వలయంలా తిరిగితే వెంటనే ఆపెయ్.

కర్ర పట్టుకుని తోసే నిలువు మెషీన్ల కథ వేరు. కిర్బీ, పాత హూవర్‌లలో దుమ్ము ముందు ఫ్యాన్ గుండా వెళ్లి తర్వాత సంచిలో పడుతుంది. తివాచీ మీద పడిన నాణెం కూడా ఫ్యాన్‌కే తగులుతుంది. కాబట్టి కొనేముందు, ప్లగ్ తీసి ఉండగా, ఫ్యాన్ రెక్కల్ని ఒక్కొక్కటీ వేలితో తడుము. ఒక్క రెక్క విరిగినా మెషీన్ వణుకుతుంది, బేరింగులు పోతాయి. నీ ఎలక్ట్రోలక్స్‌లో ముందు సంచి, తర్వాత మోటారు. అక్కడ సంచి చిరిగితే ప్రమాదం. ఆ పాత సంచి మాత్రం ఇంట్లో విప్పకు, మాస్క్ పెట్టుకుని పెరట్లో విప్పు.

శుభ్రం చేసేటప్పుడు చెయ్యి అదుపులో పెట్టుకో. కిర్బీ అల్యూమినియాన్ని అద్దంలా పాలిష్ చేస్తే అందమే. మోడల్ నంబరు ప్లేటు మాత్రం రుద్దొద్దు, అక్షరాలు పోతాయి. పేరు ముద్రించిన గుడ్డ సంచిని ఉతకొద్దు, ఇంకో వాక్యూమ్‌తో దులుపు. మీ అత్తయ్య నన్ను అలా చూసిన రోజు నవ్వాపుకోలేకపోయింది.

ఏవి కొనాలని అడిగావు. అందరూ అందమైన వాటి వెంట పడతారు. 1936లో హెన్రీ డ్రేఫస్ రూపం దిద్దిన హూవర్ 150, 1950ల్లో తను వదిలే గాలి మీదే తేలే గుండ్రటి హూవర్ కాన్‌స్టెలేషన్. నాకూ ఇష్టమే. కానీ నువ్వు పని మెషీన్ల మీద కూడా కన్నేసి ఉంచు. ఆఫీసుల్లో, మోటెళ్లలో తిరిగే ఎర్ర శానిటైర్‌ని ఎవరూ దాచుకోరు, అరిగేదాకా వాడి పారేస్తారు. చదువుకునే రోజుల్లో మోటెల్ కారిడార్లలో రాత్రిళ్లు నేను తోసింది అదే. నాలుగు స్క్రూలు విప్పితే లోపలంతా కనబడుతుంది, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి మెషీన్ లేదు.

అసలు ఈ నిలువు మెషీన్ పుట్టిందే ఊడ్చేవాడి చేతిలో. మీ ఒహాయోలోనే, కాంటన్‌లో, ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఊడ్చే జేమ్స్ మర్రే స్పాంగ్లర్‌కి ఉబ్బసం. దుమ్ము పడక ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దిండు గలేబు కలిపి ఒకటి చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. అదే ఏడు హూవర్ కుటుంబం కొనుక్కుంది. వాళ్లది అప్పట్లో తోలు సామాన్ల వ్యాపారం. అంతకుముందు 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ చేసిన మెషీన్‌ని గుర్రాలు లాగేవి. బండి వీధిలో నిలబెట్టి పైపులు కిటికీల్లోంచి ఇంట్లోకి పంపేవారు. అది దాచుకోవాలంటే మన కొట్టం చాలదులే.

చోటు అంటే గుర్తొచ్చింది. మూడో మెషీన్ తెచ్చేముందు అమ్మాయితో మాట్లాడు. నేను మాట్లాడలేదు. పదకొండోది వచ్చినప్పుడు మీ అత్తయ్య కారు ఆరుబయట మంచులో నిలబడింది. రెండు నెలలు నా కాఫీ నేనే పెట్టుకున్నాను.

ఇంకొక్క పని. మీ అమ్మకి ఈ రాత్రే ఫోన్ చెయ్యి. మన అటక మీద ఒక యూరోక్లీన్ వాక్యూమ్ ఉండాలి. 1982లో యురేకా ఫోర్బ్స్ మొదలయ్యాక టై కట్టుకుని ఇంటింటికీ వచ్చేవాళ్లు గుర్తున్నారా? నువ్వు పుట్టి ఉండవులే. వాళ్లలో ఒకతను మీ తాతయ్య పరుపు మీద తెల్లగుడ్డతో దుమ్ము చూపించి, ఆయన పరువు తీసి మరీ అమ్మాడు. ఆ కంపెనీలో అప్పుడు ఎలక్ట్రోలక్స్‌కీ భాగం ఉండేది. అంటే నీ ఇరవై డాలర్ల మెషీన్‌కి అది చుట్టమే. దీపావళికి ఇల్లు దులిపి పాత సామాన్లవాడికి వేసేస్తానని మీ అమ్మ మొన్న అంది. ఆపు.

మీ మావయ్య