తూలి పడే పాపకు బ్యాలెన్స్ బొమ్మలు కొనాలా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు నిండాయి. గచ్చు మీద బాగానే నడుస్తుంది కానీ ఇసుకలో, ఎగుడుదిగుడు నేల మీద తరచూ తూలి పడుతుంది. ఉయ్యాల ఎక్కిస్తే నా మెడ పట్టుకుని ఏడుస్తుంది. ప్లేస్కూలు వారు ‘సెన్సరీ బ్యాలెన్స్’ బొమ్మల సెట్టు కొనమన్నారు. అందులో నిలబడి అటూ ఇటూ ఊగే వంపు చెక్క, గాలి దిండు, అడుగులు వేసే దిమ్మెలు ఉంటాయట. ధర మాకు భారమే. కొనక తప్పదా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: కొనక తప్పదనేమీ లేదమ్మా. ఒళ్లు ఒరిగిపోకుండా నిలవడానికి మెదడు కళ్లు, లోపలి చెవి, పాదాలు-కీళ్లు-కండరాలు పంపే కబుర్లను ఎప్పటికప్పుడు సరిచూసుకుంటుంది. లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధవలయ నాళాలుంటాయి. ఒప్పులకుప్ప ఆడి ఆగాక కూడా గోడలు తిరుగుతున్నట్టు అనిపించేది, మనం ఆగినా ఆ ద్రవం వెంటనే ఆగదు కనుకనే. కళ్లు, చెవి, కండరాల కబుర్ల పొందిక పిల్లలకు పుట్టుకతో పూర్తిగా రాదు, తమంతట తాము కదులుతూ, తూలుతూ, సర్దుకుంటూ నేర్చుకుంటారు. అందువల్ల బిడ్డను కదిపే వస్తువు కన్నా, బిడ్డ తానే కదపవలసిన వస్తువు మేలని నా గట్టి అభిప్రాయం.

ఉయ్యాలలో పాదాలు నేలను విడుస్తాయి, కదలిక ఆమె అదుపులో ఉండదు. భయం అక్కడిదే కావచ్చు. బలవంతంగా ఊపవద్దు. గట్టి చీరను ఆమె పాదాలు నేలకు పూర్తిగా ఆనేంత కిందికి కట్టి, తానే నేలను తన్ని ఊగేలా చూడండి, మీరు మాత్రం పక్కనుంచి కదలకండి.

రెండు బొంతలను మడతలు పెట్టి పరిచి, వాటి మీద వట్టి కాళ్లతో నడిపించండి. మొదటి అడుగుకే కాలి వేళ్లు విచ్చుకుని బొంతను పట్టుకుంటాయి, చేతులు రెక్కల్లా లేస్తాయి, చూపు పాదాల మీద నిలిచిపోతుంది. కొన్నాళ్లకు చూపు పాదాలను వదిలి మీ ముఖం మీదికి వస్తుంది. ఆ మార్పు కోసం కనిపెట్టుకుని ఉండండి. అటుపైన సుద్దముక్కతో గీసిన గీత మీద నడక, చెంచాలో నిమ్మకాయ, తొక్కుడుబిళ్ల ఒక్కొక్కటిగా మొదలుపెట్టవచ్చు. ఈ వయసులో చాలామంది పిల్లలు ఒంటికాలి మీద కొన్ని సెకన్లు నిలబడగలరు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజులో కనీసం 180 నిమిషాల శారీరక కదలిక, అందులో గంటసేపు చురుకైన ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఇది ఏ బొమ్మా ఒంటరిగా తీర్చగలది కాదు.

కొనాలనే అనుకుంటే సెట్టు వద్దు, వంపు చెక్క ఒక్కటి చాలు. అది జారకుండా చాప మీద వేయండి, దాని అంచు కింద మరో బిడ్డ వేళ్లు నలగకుండా చూడండి. మన దేశంలో 2021 జనవరి నుంచి ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి కనుక అది ఉన్నదే తీసుకోండి. ఇంట్లో ఇంకా నడక రాని చిన్నవాళ్లుంటే, కూర్చోబెట్టి తిప్పే చక్రాల వాకరు మాత్రం వద్దే వద్దు. ప్రమాదాల కారణంగా కెనడా దాన్ని 2004లోనే నిషేధించింది. మన మూడు చక్రాల చెక్కబండి వేరు, అందులో బిడ్డ తన కాళ్ల మీద తాను నిలిచి తోస్తుంది.

‘సెన్సరీ’ అనే మాట చూసి, ఆ బొమ్మలు లేకపోతే పాప వెనకబడుతుందని బెంగపడకండి. ఇంద్రియాల పొందికను పెంచేందుకు చేసే ‘సెన్సరీ’ చికిత్సల ఫలితంపై పరిశోధన పరిమితంగానే ఉందని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో స్పష్టం చేసింది. అయితే తూలడం రోజురోజుకూ పెరుగుతున్నా, ఒకవైపు కాలు, చెయ్యి బలహీనంగా ఉన్నా, ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తున్నా, చెవి నుంచి చీము కారుతున్నా, అంతకుముందు వచ్చిన పనులు మరిచిపోతున్నా ఆటలతో కాలయాపన చేయక పిల్లల వైద్యుడికి చూపించండి. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఆ కేంద్రం ఎక్కడుందో మీ అంగన్‌వాడీ టీచరును గానీ ఆశా కార్యకర్తను గానీ అడగండి.