బస్సులు వచ్చాయి, ఎవరూ ఎక్కలేదు

ప్రశ్న: అమ్మా, మా వీధి చివర గుడిసెల్లో బర్మా నుంచి వచ్చిన రోహింగ్యాలు ఉంటున్నారు. గొడవలు జరిగి ఇన్నేళ్లయింది కదా, ఇంకా సొంతూరు ఎందుకు పోరని మా ఇంట్లో అంటారు. ఐక్యరాజ్య సమితి, ప్రపంచ కోర్టు ఉండి ఏం చేస్తున్నట్టు?
– ఒక పాఠకురాలు, బాలాపూర్, హైదరాబాద్

జవాబు: మీ దగ్గరి బస్తీకి నేనూ ఒకసారి వచ్చానమ్మా. ఒకావిడ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కవర్ బయటికి తీసింది. అందులో ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డులున్నాయి. వానకు తడుస్తాయని బియ్యంలో దాచుకుంది. "మా నాయనకు బర్మా కార్డుండేది. కొత్తది ఇస్తామని తీసుకున్నారు, ఇవ్వలేదు" అంది.

మీ ప్రశ్నకు జవాబు ఆ కార్డులోనే ఉంది. 1982లో బర్మా తెచ్చిన పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలు తమ దేశంలోనే పరాయివాళ్లయ్యారు. మిగిలిన తాత్కాలిక తెల్ల కార్డులూ 2015లో రద్దయ్యాయి. 2017 ఆగస్టులో రోహింగ్యా మిలిటెంట్లు పోలీసు ఠాణాలపై దాడి చేశారని సైన్యం రోహింగ్యాలుండే రఖైన్ రాష్ట్రంలో ఊళ్లకు ఊళ్లనే తగలబెట్టింది. కొన్ని నెలల్లోనే 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. కాలిన ఊళ్లను బుల్డోజర్లతో చదును చేశారు.

ప్రపంచం ఏమీ చేయలేదని అనను. సైన్యాధిపతులపై జాతి నిర్మూలన నేరం కింద విచారణ జరగాలని 2018లో ఐరాస నిజనిర్ధారణ బృందం చెప్పింది. 2019లో ప్రపంచ కోర్టులో కేసు వేసింది మాత్రం పెద్ద దేశమేదీ కాదు, ఆఫ్రికాలోని చిన్న గాంబియా. అది నాకిప్పటికీ ఆశ్చర్యమే. రోహింగ్యాలను కాపాడాలని 2020 జనవరిలో ఆ కోర్టు, అంటే అంతర్జాతీయ న్యాయస్థానం ఆదేశించింది. మరుసటి ఏడాదే దేశం మొత్తం అదే సైన్యం చేతుల్లోకి పోయింది. ఆదేశాన్ని అమలు చేయించాల్సింది భద్రతా మండలి. అక్కడ ఏ తీర్మానాన్నైనా ఆపేయగల వీటో చైనాకు ఉంది. బంగ్లాదేశ్ శిబిరాల్లో 2023లో తిండి సాయాన్ని మనిషికి నెలకు 12 డాలర్ల నుంచి 8కి తగ్గించారు, అంటే రోజుకు పాతిక రూపాయలు కూడా కాదు. తర్వాత పెంచారనుకోండి, కానీ ఆ నెలల్లో పిల్లలు పస్తులున్నారు.

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. అందుకే బియ్యం డబ్బాలోని కార్డుకు ఇక్కడా పెద్ద బలం లేదు.

2019 ఆగస్టులో వాళ్లను వెనక్కి తీసుకెళ్లడానికి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల దగ్గర బస్సులు తెచ్చి నిలబెట్టారు. ఒక్కరూ ఎక్కలేదు. ముందు పౌరసత్వం, భద్రత ఇవ్వండి, అప్పుడొస్తాం అన్నారు. మీ ఇంట్లో మళ్లీ ఆ మాట వస్తే, ఈ బస్సుల సంగతి చెప్పండమ్మా.