మేరినర్స్ 2025-26 చలికాలంలో డబ్బు ఖర్చు పెట్టాలా, సొంత కుర్రాళ్ల కోసం ఆగాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: 2025లో వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన సియాటిల్ మేరినర్స్ జట్టు, ఆ సీజన్ అయ్యాక బయటి బ్యాటర్లను డబ్బు పోసి తెచ్చుకోవాలా, లేక తాము పెంచుకుంటున్న కుర్రాళ్లు ఎదిగేదాకా ఓపిక పట్టాలా, అభిమానులు దీని మీద ఎందుకింత గొడవ పడుతున్నారు అని. నేను 2012 నుంచి సియాటిల్ పక్కన బాథెల్‌లో ఉంటున్నాను. మొదటి సంవత్సరం ఆఫీసులో ఒక పెద్దాయన బలవంతంగా మ్యాచ్‌కి తీసుకెళ్లాడు, అప్పటి నుంచి ఈ జట్టు నన్ను వదల్లేదు. నా జవాబు సూటిగా చెప్తాను. ఖర్చు పెట్టాలి, అదీ 2026, 2027 సీజన్లలోనే పెట్టాలి. కానీ చాలామంది అరిచి అడిగే ఆ ఒక్క పెద్ద పేరు మీద కాదు.

ఐపీఎల్ అలవాటున్న మనవాళ్లకి ఇక్కడి లెక్క మొదట తలకెక్కదు. 2025 ఐపీఎల్‌కి సన్‌రైజర్స్ అయినా ముంబై అయినా ఆటగాళ్లను అట్టిపెట్టుకోవడానికి, వేలంలో కొనడానికి కలిపి 120 కోట్లు దాటి పెట్టడానికి వీల్లేదు. బేస్‌బాల్‌లో అలాంటి గట్టి పరిమితి లేదు. 2025లో జీతాల లెక్క 241 మిలియన్ డాలర్లు దాటితే పన్ను కట్టాలి, అంతే, కట్టగలిగినవాళ్లు కట్టేస్తారు, లాస్ ఏంజిలెస్ జట్టు డాడ్జర్స్ అలాగే కట్టుకుంటూ వరుసగా 2024, 2025 కప్పులు ఎత్తుకుపోయారు. మేరినర్స్ ఆ గీతకి చాలా కింద ఉండిపోయే జట్టు. ఇంకో ముఖ్యమైన సంగతి ఏంటంటే, డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి) తీసుకున్న కుర్రాడు పెద్ద లీగ్‌లోకి వచ్చాక ఆరు సీజన్లు ఆ జట్టు చేతిలోనే ఉంటాడు. అందులో మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే, 2025లో అది 7,60,000 డాలర్లు. బయట మార్కెట్లో అదే స్థాయి పిచ్చర్‌కి (మన బౌలర్ లాంటివాడు) ఏడాదికి ఇరవై, ముప్పై మిలియన్లు పలుకుతాయి.

మేరినర్స్ బలమంతా ఇక్కడే ఉంది. లోగన్ గిల్బర్ట్, జార్జ్ కర్బీ, బ్రయన్ వూ, బ్రైస్ మిల్లర్, నలుగురూ సొంత డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లే. కానీ వాళ్ల చవక కాలం ఎల్లకాలం ఉండదు. గిల్బర్ట్ 2027 సీజన్ అయ్యాక ఎక్కడికైనా వెళ్లిపోవచ్చు, కర్బీ ఆ తర్వాతి ఏడాది. కుర్రాళ్లు ఎదిగేదాకా ఆగుదాం అనేవాళ్లు ఈ సంగతి మర్చిపోతున్నారు, మనం ఆగినా క్యాలెండర్ ఆగదు కదా.

ఇక నా అనుభవానికి వస్తే, 2013 డిసెంబర్‌లో రాబిన్సన్ కనోకి పదేళ్లకు 240 మిలియన్లు ఇచ్చారు. న్యూయార్క్ యాంకీస్ నుంచి అంత పెద్ద ఆటగాడు మన ఊరికి వస్తున్నాడంటే ఆఫీసులో ఆ రోజు ఎవరూ పని చేయలేదు. 2014లో జట్టు 87 మ్యాచ్‌లు గెలిచింది, ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ పోయాయి. 2018 చివర్లో కనోని న్యూయార్క్‌లోనే ఇంకో జట్టు మెట్స్‌కి పంపేశారు. దీన్ని చూపించి చాలామంది ‘చూశారా, పెద్ద కాంట్రాక్టులు వేస్ట్’ అంటారు. నాకు కనిపించింది వేరు. కనో బాగానే ఆడాడు, ఆయన చుట్టూ ఇంకో ఇద్దరు సరైన బ్యాటర్లను పెట్టకపోవడమే తప్పు.

తర్వాత 2023 వచ్చింది. 88 గెలుపులు, మళ్లీ ఒక్క మ్యాచ్ తేడా. సీజన్ అయిపోయాక జట్టు బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి జెర్రీ డిపోటో మీడియాతో మాట్లాడుతూ, పదేళ్ల పాటు 54 శాతం మ్యాచ్‌లు గెలుస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు వరల్డ్ సిరీస్‌కి చేరతాం అనే అర్థం వచ్చేలా అన్నాడు. ఆ మాట విన్న రాత్రి నేను లెక్క వేసుకున్నాను. సీజన్‌కి 162 మ్యాచ్‌లు, అందులో 54 శాతం అంటే 87 లేదా 88. 2014లో 87, 2023లో 88! ఆయన చెప్పిన చోటే రెండుసార్లు నిలబడ్డాం, రెండుసార్లూ ఒక్క మ్యాచ్ తక్కువై ఇంటికి వచ్చాం. ఆయనని తిట్టడానికి చెప్పడం లేదు, ఈ పిచ్చర్లందరినీ ఏరి తెచ్చింది ఆయన బృందమే. కానీ నేను ఎందుకు ఖర్చు పెట్టమంటున్నానో ఈ రెండు అంకెలే చెప్తాయి.

ఆ చలికాలమే బ్యాటర్లు టియోస్కర్ హెర్నాండెజ్‌ని వదిలేశారు, యుహేనియో సువారెజ్‌ని అరిజోనా జట్టుకి ఇచ్చేశారు. ఇద్దరూ చాలా స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) అవుతారు నిజమే, కానీ ఇద్దరూ బంతిని స్టాండ్స్‌లోకి కొట్టగలరు. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్లు, సువారెజ్ అంటే ప్రాణం, వారం రోజులు ముభావంగా ఉన్నాడు. టియోస్కర్ డాడ్జర్స్‌కి వెళ్లి ఆ ఏడాదే కప్పు గెలిచాడు. మనకి 2024లో స్టార్టింగ్ పిచింగ్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్లు) మొత్తం లీగ్‌లోనే బెస్ట్, జూన్‌లో డివిజన్‌లో (మన అయిదు జట్ల గుంపులో) పది మ్యాచ్‌ల ఆధిక్యం కూడా ఉంది, అయినా పరుగులు రాక రాక చివరికి 85 గెలుపులతో మళ్లీ అదే ఒక్క మ్యాచ్ తేడా. ఆ ఇద్దరిలో ఒక్కడున్నా ఆ ఒక్క మ్యాచ్ వచ్చేదని నేను గట్టిగా నమ్ముతాను.

2025లో జరిగింది దీనికి సరిగ్గా ఉల్టా. జూలైలో అదే అరిజోనా నుంచి మొదట జాష్ నేలర్‌ని, తర్వాత సువారెజ్‌ని తెచ్చారు. కాల్ రాలీ 60 హోమ్‌రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు, క్యాచర్‌గా (మన వికెట్ కీపర్ లాంటి స్థానం) ఆడేవాడు అన్ని కొట్టడం చరిత్రలో లేదు. 2001 తర్వాత మొదటిసారి డివిజన్ గెలిచాం. వరల్డ్ సిరీస్‌కి ముందు మెట్టు టొరంటోతో ఏడు మ్యాచ్‌ల సిరీస్, అందులో అక్టోబర్ 17న అయిదో మ్యాచ్‌కి మా అబ్బాయిని తీసుకుని వెళ్లాను, పై అంతస్తులో చివరి వరుసలు, టికెట్ ధర ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా 2-1తో వెనకబడి ఉన్నాం. రాలీ హోమ్‌రన్‌తో సమం చేశాడు. తర్వాత బేస్‌లన్నీ నిండాయి, సువారెజ్ కుడివైపుకి గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకి నాలుగు పరుగులు) కొట్టాడు. మా వాడు నా మెడ పట్టుకుని వేలాడిపోయాడు. ముందు వరుసలో డెబ్బై ఏళ్లావిడ వెనక్కి తిరిగి మా ఇద్దరినీ కావలించుకుని ఏడ్చింది.

మూడు రోజుల తర్వాత, అక్టోబర్ 20, దీపావళి. లక్ష్మీపూజ త్వరగా ముగించుకుని, గుమ్మంలో దీపాలు పెట్టి ఏడో మ్యాచ్ ముందు కూర్చున్నాం. నాలుగు తెలుగు కుటుంబాలు, పక్కింటి అమెరికన్ దంపతులు. 3-1తో ముందున్నాం. ఏడో ఇన్నింగ్స్‌లో జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు, 4-3, ఇక అంతే. మతాబులు ఆ రాత్రి పిల్లలు కాల్చలేదు, మర్నాడు కాల్చారు. మొత్తం ముప్పై జట్లలో వరల్డ్ సిరీస్‌కి ఒక్కసారి కూడా వెళ్లనిది మనదొక్కటే, ఇంకా అలాగే ఉంది.

అందుకే నేలర్‌కి నవంబర్‌లో అయిదేళ్లకు 92.5 మిలియన్లు ఇచ్చినప్పుడు చాలా సంతోషపడ్డాను. కానీ హోర్హే పోలాంకో రెండేళ్లకు 40 మిలియన్లకు మెట్స్‌కి వెళ్లిపోయాడు. టొరంటో కంటే ముందు రౌండ్‌లో డెట్రాయిట్ మీద 15 ఇన్నింగ్స్ మ్యాచ్‌ని ముగించిన హిట్ అతనిది. దీర్ఘకాలం ఇవ్వడం ఇష్టం లేదంటే అర్థం చేసుకోవచ్చు, రెండేళ్లంటే మాత్రం గిల్బర్ట్ ఉండే ఆ రెండేళ్లే కదా, అక్కడ తెగించాల్సింది. 2026లో సెకండ్ బేస్, థర్డ్ బేస్ స్థానాలు రెండూ కుర్రాళ్ల మీదే వదిలేస్తే నాకు భయం. కోల్ యంగ్‌కి ఒక చోటు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వాలి, కోల్ట్ ఎమర్సన్ మీద నాకూ చాలా ఆశ ఉంది. కానీ ఒకే ఏడాది ఇద్దరు కొత్తవాళ్లు ఒకేసారి కుదురుకోవాలని పందెం కడితే, మళ్లీ జూలైలో ట్రేడ్‌ల (ఆటగాళ్ల మార్పిడి) కోసం పరిగెత్తాలి.

పిచ్చర్లందరికీ ఇప్పుడే పెద్ద కాంట్రాక్టులు రాసేయమనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. మన పిచ్చర్ ఫీలిక్స్ హెర్నాండెజ్‌కి 2013లో ఏడేళ్లకు 175 మిలియన్లు ఇచ్చారు. కింగ్స్ కోర్ట్‌లో (స్టేడియంలో ఆయన అభిమానుల స్టాండ్) పసుపు చొక్కా వేసుకుని ఆయన కోసం గొంతు పోయేలా అరిచినవాణ్ణి నేను. ఆ భుజంలో వేగం తగ్గిపోవడం ఏళ్ల తరబడి చూశాను. ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ ఆడకుండానే 2019లో వెళ్లిపోయాడు, ఆ చివరి రోజు స్టేడియం మొత్తం లేచి నిలబడింది. కాబట్టి నలుగురిలో ఒకరికి, నేనైతే కర్బీకి, దీర్ఘకాలం ఇచ్చి మిగతా డబ్బంతా ఏడాది, రెండేళ్ల బ్యాటర్ల మీద పెడతాను.

2026 డిసెంబర్ 1న ఆటగాళ్లతో లీగ్ ఒప్పందం ముగుస్తుంది, లాకౌట్ (ఓనర్లు ఆట ఆపేయడం) రావచ్చు, అందుకే ఓనర్లు జాగ్రత్తపడుతున్నారు అంటారు. 2027 సీజనే అనుమానమైతే, 2026లో ఖర్చు పెట్టడానికి అది ఇంకా పెద్ద కారణం అనిపిస్తుంది నాకు.

2025 సీజన్ అయ్యాక సువారెజ్ ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుకైనా వెళ్లగల ఆటగాడు) అయ్యాడు. అప్పటికి ముప్పై నాలుగేళ్లు, స్ట్రైకౌట్లు తగ్గవు, ఒక్క ఏడాదికి అడిగితే చాలనుకున్నాను. మా వాడు అతని నంబర్ 28 చొక్కా ఇంకా బీరువాలో పెట్టనివ్వడం లేదు.