కాంటెస్సాకి ఇన్నోవా ఇంజిన్ వేయించాను: ఇంజిన్ కొనేముందు కొలత టేపు కొనండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారి 1986 కాంటెస్సా కారు చెన్నై వేళచేరిలో ఇంటి ముందు మూడేళ్లుగా కవర్ కింద ఉంది, పాత 1.5 పెట్రోల్ ఇంజిన్ పొగ కక్కుతోంది. అమెరికా వాళ్ల వీడియోలు చూశాక దాని బదులు ఏదైనా కొత్త ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు వేయిద్దామని మీకు అనిపించింది. ఏ ఇంజిన్ పడుతుంది, ఎంతవుతుంది, ఆర్టీఓ ఒప్పుకుంటుందా అని అడిగారు. నేను సరిగ్గా ఇదే పని ఒక 1985 కాంటెస్సా మీద చేయించాను. అంబత్తూరులో ఒక షెడ్డులో. ఆరు నెలలనుకున్నది పంతొమ్మిది నెలలు పట్టింది.

ఆర్టీఓ సంగతే ముందు చెప్పేస్తాను, ఎందుకంటే నేను చివర్లో తెలుసుకున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకీ బండికీ తేడా వచ్చే మార్పు చేయకూడదు. సీఎన్‌జీ, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి మార్చుకోవడానికి మాత్రం షరతులతో దారి ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే తీర్పిచ్చింది. అదే ఏడాది చట్టం సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అని రాశారు. వేరే కంపెనీ ఇంజిన్ అంటే దాని నంబర్ ఆర్సీలో ఉండదు. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది కదా, అప్పుడు ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయిస్తాడు, ఇంజిన్ నంబర్ కూడా చూస్తాడు. అక్కడ దొరికిపోతారు. దానికంటే పెద్ద భయం ఇన్సూరెన్స్. ఎవరికైనా తగిలితే కాగితాల్లో లేని ఇంజిన్‌తో కోర్టులో నిలబడాలి.

అందుకే నా బండి రోడ్డెక్కదు. ఫ్లాట్‌బెడ్ లారీ మీద చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి తీసుకెళ్లి, నడిపి, మళ్లీ ఎక్కించి తెచ్చుకుంటాను. ఏడాదికి మూడు నాలుగుసార్లు. మా ఆవిడ దాన్ని ‘మీ ఏనుగు’ అంటుంది, మేపడమే గానీ ఎక్కి తిరిగేది లేదని.

మీరు ఆదివారం నాన్నగారిని కూర్చోబెట్టుకుని నెల్లూరు వెళ్లి రావాలనుకుంటుంటే ఈ పని పెట్టుకోకండి. పాత ఇంజిన్‌కే బోరింగ్ (అరిగిన సిలిండర్లని తొలిచి సాపు చేయడం) చేయించి పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్పించండి. అది అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ బీఎంసీ (పాత బ్రిటిష్ కంపెనీ) ఇంజినే కాబట్టి దాని గురించి తెలిసిన చేతులు చెన్నైలో ఇంకా ఉన్నాయి. ఇంకోటి, 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ నంబర్‌తో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చేలా 2021లో రూల్ వచ్చింది. అసలు ఇంజిన్, బాడీ మార్చకుండా ఉంటేనే. మీ బండికి 2036లో ఆ వయసొస్తుంది. ఇప్పుడు కోసిపారేస్తే అది పోయినట్టే.

ఇంత చెప్పినా ట్రాక్ కోసమో ముచ్చట కోసమో చేస్తానంటారా, అయితే చదవండి.

అమెరికా వీడియోల్లో 1969 షెవ్రొలే కమారోలో జనరల్ మోటార్స్ వాళ్ల ఎల్ఎస్ ఇంజిన్ ఒక వారాంతంలో దించేస్తారు. ఆ ఇంజిన్ 1997లో కార్వెట్‌లో వచ్చింది, అప్పటినుంచి దాని కుటుంబం లక్షల బండ్లలో వెళ్లింది. అందుకని ఏ పాత బండికి ఏ మౌంటింగ్ కావాలో, ఏ చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) కావాలో అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారు అక్కడ. మనకి పెట్టె లేదు. లేత్ ఉంది, వెల్డింగ్ ఉంది, పాత బండ్ల సామాన్లమ్మే పుదుపేట ఉంది.

జాగా మాత్రం ఉంది, అది కాంటెస్సా అదృష్టం. ఈ బండి ఇంగ్లండ్‌లో వాక్స్‌హాల్ వాళ్లు 1970లలో చేసిన విక్టర్. అక్కడ ఇదే బాడీలో 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ కూడా ఇచ్చారు. అలాంటి బానెట్ కింద మన హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు సుమారు 50 హార్స్ పవర్ ఇంజిన్ పెట్టి 1984లో అమ్మడం మొదలుపెట్టారు. బానెట్ ఎత్తితే ఖాళీ చూసి నవ్వొచ్చేది. తర్వాత 1.8 ఇసుజు ఇంజిన్, ఐదు గేర్లతో కాంటెస్సా క్లాసిక్ వచ్చాకే బండికి ప్రాణమొచ్చింది. మీకు ఆ ఇసుజు సెట్ పూర్తిగా దొరికితే బండికి అన్నిటికంటే తక్కువ కోత పడేది అదే. నాకు దొరకలేదు.

నేను కొన్నది ప్రమాదంలో వెనకభాగం నుజ్జయిన పెట్రోల్ ఇన్నోవాది. 1998 సీసీ, నిలువుగా కూర్చునే ఇంజిన్, వెనక చక్రాలకి పవర్, ఐదు గేర్లు. నిలువుగా అనేది ముఖ్యం. ఈ రోజుల్లో చిన్నకార్ల ఇంజిన్లు చాలావరకు అడ్డంగా కూర్చుని ముందు చక్రాలు తిప్పుతాయి, అవి మనకి పనికిరావు. పవర్ లెక్క చూసి కొన్నాను. చూడాల్సింది అది కాదు, ఇంజిన్ కింద చాంబర్ ఆకారం. ఆయిల్ నిలిచే లోతు భాగం ముందుందా, వెనకుందా? మీ బండి క్రాస్‌మెంబర్ (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనప దూలం) దానికి అడ్డం వస్తుందా? నాకు వచ్చింది. ఇంజిన్ దించితే చాంబర్ వెళ్లి క్రాస్‌మెంబర్ మీద కూర్చుంది, బానెట్ నాలుగు వేళ్ల ఎత్తున ఆగిపోయింది.

లేత్ పెద్దాయనది పుత్తూరు దగ్గర. తెలుగులో తిట్టేవాడు, అరవంలో లెక్క చెప్పేవాడు. ‘క్రాస్‌మెంబర్ మీద చెయ్యి వేస్తే నేను చెయ్యనబ్బా, చాంబరే కోద్దాం’ అన్నాడు. బండి బరువూ స్టీరింగూ మోసేది క్రాస్‌మెంబర్ కాబట్టి ఆయన మాటే రైటు. చాంబర్ కోసి లోతుని వెనక్కి జరిపి వెల్డింగ్ చేశారు. లోపల ఆయిల్ పీల్చే గొట్టాన్ని కూడా దాంతోపాటు జరపాలి. దాని మూతికీ చాంబర్ అడుగుకీ మధ్య 8 మి.మీ. ఉండేలా చూశాం. మూతి అడుగుకి మరీ ఆనితే ఆయిల్ అందదు, మరీ ఎత్తయితే మలుపులో గాలి పీలుస్తుంది. ఎలా కొలిచాడంటే, మూతికి మెత్తటి మైనం ముద్ద అంటించి, చాంబర్ బిగించి, విప్పి, నలిగిన మైనం మందం చూశాడు.

వెల్డింగ్ కారుతుందో లేదో చూసే పద్ధతి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నా. బయట అతుకుల మీద సుద్దముక్క రుద్ది, లోపల కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేశాడు. పొద్దున చూస్తే తెల్లటి సుద్ద మీద ఒకచోట చీమ తలంత తడి మచ్చ. మళ్లీ వెల్డింగ్. మూడోరోజుకి సుద్ద తెల్లగా మిగిలింది.

వైరింగ్ దగ్గర నేను మోసపోయాను, లేదా నా తొందరే నన్ను మోసం చేసింది. ఇంజిన్ అమ్మినవాళ్లు వైరింగ్ కిట్‌ని డ్యాష్‌బోర్డు దగ్గర హాక్సా బ్లేడుతో కోసి ఇచ్చారు. ‘అన్నీ ఉన్నాయి సార్’ అన్నారు. ఉన్నాయి, సగం సగం. ఆ తెగిన వైర్లు రంగు చూసి కలపడానికి ఒక ఎలక్ట్రీషియన్‌తో ఆరు ఆదివారాలు కూర్చున్నాను. మీరు కొనేటప్పుడు ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె), మొత్తం కిట్, సెన్సార్లు, యాక్సిలరేటర్ పెడల్ ఒకే బండివి అడగండి. తాళంలో చిప్ ఉండే బండి అయితే ఆ తాళం, తాళం బ్యారెల్ కూడా. చిప్ లేకపోతే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ పట్టదు. వీలైతే ఇంజిన్ ఇంకా బండిలో ఉండగానే స్టార్ట్ చేయించి చూసి, మీ ముందే విప్పించండి.

పెట్రోల్ లైను కూడా పాతది నడవదు. పాత ఇంజిన్ కార్బరేటర్‌కి పెట్రోల్ మెల్లగా అందితే చాలు, ఈ ఇంజిన్ ఇంజెక్షన్‌కి మూడు బార్ పైన ప్రెజర్ కావాలి. కొత్త పంపు, కొత్త పైపులు, అవీ ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి తట్టుకునే రబ్బరువి వేయించండి. ఇందులో పొదుపు చేయకండి, మంట అంటుకునేది ఇక్కడే.

ఇప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి పవర్ తీసుకెళ్లే పొడుగు గొట్టం. దీనిమీద రెండు నెలలు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. కొత్త గేర్‌బాక్స్ పొడవు వేరు, కాబట్టి షాఫ్ట్ కోసి కురచ చేయాలి. మాధవరం వైపు లారీ షాఫ్టులు చేసే షెడ్డులో చేయించి, బ్యాలెన్స్ చేయించాను. ట్రాక్ మీద 70 దాటగానే సీటు కింద తేనెతుట్టె కదిలినట్టు ఒకటే వణుకు. మళ్లీ బ్యాలెన్స్ చేయించాను. మళ్లీ అదే వణుకు. తప్పు షాఫ్ట్‌ది కాదు, వాలుది. షాఫ్ట్‌కి రెండు చివర్లా క్రాస్ (వంగుతూ తిరిగే జాయింట్) ఉంటుంది. వంపుతో తిరిగే ఒక్క క్రాస్ ప్రతి చుట్టుకీ రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది, రెండో క్రాస్ సరిగ్గా దానికి విరుగుడు చేయాలి. అలా జరగాలంటే గేర్‌బాక్స్ వెనక్కి ఎంత వాలిందో, వెనక హౌసింగ్ (వెనక ఇరుసు మధ్య గేర్లుండే పెట్టె) పినియన్, అంటే షాఫ్ట్ తగిలే చిన్న గేరు, అంతే పైకి చూడాలి. వడ్రంగి వాడే వాలు కొలిచే పరికరం పెట్టి చూస్తే గేర్‌బాక్స్ నాలుగున్నర డిగ్రీలు కిందికి, పినియన్ మూడు డిగ్రీలు పైకి. గేర్‌బాక్స్ మౌంటింగ్ కింద 20 మి.మీ. ఇనప పట్టీ వేసి తోక లేపాం. మూడూ మూడూ అయ్యాయి, వణుకు పోయింది. ఇరవై మిల్లీమీటర్ల పట్టీ, స్క్రాపులో దొరికింది, డబ్బులు కూడా తీసుకోలేదు.

ఐదో గేర్ వల్ల ఏమొస్తుందో చిన్న లెక్క. నేను వేసిన 185/70 ఆర్14 టైరు ఒక చుట్టుకి సుమారు 1.93 మీటర్లు పోతుంది. గంటకి 100 కి.మీ. అంటే చక్రం నిమిషానికి 860 చుట్లు పైచిలుకు. వెనక హౌసింగ్‌లో క్రౌన్ అనే పెద్ద గేరుకీ పినియన్‌కీ నిష్పత్తి 4.1 అనుకుంటే, నాలుగో గేర్ నేరుగా తిప్పితే ఇంజిన్ నిమిషానికి 3,500 చుట్లు దాటుతుంది. ఐదో గేర్ 0.85 అయితే 3,000 దగ్గరుంటుంది. మీ హౌసింగ్ నిష్పత్తి తెలియకపోతే పళ్లు లెక్కపెట్టండి: క్రౌన్ పళ్లని పినియన్ పళ్లతో భాగిస్తే అదే.

రేడియేటర్ పెద్దది వేయించండి, ఫ్యాన్ చుట్టూ తొడుగు ఉండాలి. మే నెలలో, ఇక్కడివాళ్లు కత్తిరి వెయిల్ అనే రోజుల్లో, తొడుగు లేని ఫ్యాన్ ఇంజిన్ వేడినే ఇంజిన్ మీద విసురుతుంది. బ్రేకులు ఇంజిన్ కంటే ముందు చేయించాలి, ఇందులో వాదన లేదు. పాత బ్రేకులు 50 హార్స్ పవర్‌ని ఆపడానికి పెట్టినవి.

ఖర్చు అడిగారు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి లక్షా పదివేలు ఇచ్చాను. బండి కదిలేసరికి నాలుగు లక్షల ముప్పై వేలయింది, పెయింట్ కాకుండా. మిగతా మూడు లక్షల పైచిలుకు ఎక్కడ పోయిందో పైన చదివారు కదా.

పాత ఇంజిన్ అమ్మకండి. నాది మెడవరకు గ్రీజు పట్టించి, గోనెపట్టా చుట్టి షెడ్డు మూలన పెట్టాను. బాడీలో ఏ రంధ్రం పెద్దది చేయకుండా, మౌంటింగులు అన్నీ బోల్టులతోనే బిగించాం. అవసరమైతే రెండు రోజుల్లో బండి మళ్లీ 1985కి వెళ్లిపోతుంది.

నాన్నగారికి అసలు ఏం కావాలో కూడా ఒకసారి అడగండి. ఆ తర్వాత కూడా ఇంజిన్ మారుద్దామనే అనుకుంటే, బండి జాకీ మీద లేపి, జాకీని నమ్మకుండా స్టాండులు పెట్టి, క్రాస్‌మెంబర్ దగ్గర టేపు కనబడేలా కింద నుంచి ఒక ఫొటో, పై నుంచి ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ చాంబర్ పడుతుందో చూసి చెప్తాను.