మా అబ్బాయి లైన్‌బ్యాకర్ అవుతానంటున్నాడు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. పదేళ్లుగా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం, ఇంకా హెచ్-1బి వీసా మీదే ఉన్నాం. 10వ తరగతి చదువుతున్న మా అబ్బాయి స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌బ్యాకర్‌గా ఆడుతున్నాడు. మార్కులు బాగానే వస్తున్నాయి కానీ, ప్రసిద్ధ ఆటగాడు మీకా పార్సన్స్‌లాగా ఎన్‌ఎఫ్‌ఎల్ అనే వృత్తి లీగ్‌లో ఆడటమే తన లక్ష్యమంటున్నాడు. ఆట మాన్పించి కంప్యూటర్ సైన్స్ మీద పెట్టిద్దామని మావారు, ప్రతిభ ఉంది ఆడనివ్వండని కోచ్ అంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయిని ఆట మాన్పించవద్దు. అయితే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే మాట మీద ఇంటి ప్రణాళికలన్నీ ఇప్పుడే నిలబెట్టుకోవద్దు. వచ్చే రెండేళ్లు ఈ ఆటను అతని కళాశాల ప్రవేశానికి జరిగే తయారీలో ఒక భాగంగా చూడండి. తలకు తగిలే దెబ్బల విషయంలో మాత్రం ఎవరి మాటకూ తగ్గకండి. ఇలా ఎందుకంటున్నానో వివరిస్తాను.

ముందుగా, మీవారు లైన్‌బ్యాకర్ పని స్వభావం తెలుసుకుంటే బాగుంటుంది. ఎదుటి జట్టును అడ్డుకునే పదకొండు మంది డిఫెన్స్‌లో ముందు వరుసవారు ఎదుటి వరుసతో నేరుగా తలపడతారు, కార్నర్‌బ్యాక్‌లూ సేఫ్టీలూ వెనుక భాగాన్ని కాపలా కాస్తారు, వీరి మధ్య నిలబడే లైన్‌బ్యాకర్ బంతి కదిలిన క్షణంలోనే ఎదుటి ఆటగాళ్ల అడుగులను బట్టి అది పరుగా, పాసా అని తేల్చుకోవాలి. మన కబడ్డీలో కూతకొచ్చినవాడి కాలు కదలికను చూసి, పక్కవాడితో కలిసి పట్టు పట్టే ఆటగాడిని గుర్తు తెచ్చుకుంటే ఈ పని సగం అర్థమవుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2008 నుంచి డిఫెన్స్‌లో ఒక ఆటగాడి హెల్మెట్‌లో రేడియో ఉంటోంది. చాలా జట్లలో అది మధ్య లైన్‌బ్యాకర్‌కే ఇస్తారు, ఎందుకంటే కోచ్ చెప్పిన వ్యూహాన్ని మిగిలిన పదిమందికీ చేరవేసి, ఎదుటివారు అమరిక మార్చగానే దాన్ని సరిదిద్దవలసినవాడు అతనే. ఇందుకోసం వీడియోల ముందు గంటల తరబడి కూర్చోవాలి. మీ అబ్బాయి అలా కూర్చున్నప్పుడు మీవారిని ఒక్కసారి పక్కన కూర్చొని, ఏం చూస్తున్నావని అడగమనండి. అతను సమాధానం చెప్పే తీరును బట్టి కోచ్ చెప్పిన ప్రతిభ ఎంతటిదో మీకే కొంత తెలుస్తుంది.

ఇక అవకాశాల సంగతి. అమెరికాలో హైస్కూలు స్థాయిలో దాదాపు పది లక్షల మంది ఈ ఆట ఆడుతుండగా, వారిలో ఎన్‌సీఏఏ (కళాశాల క్రీడలను నడిపే సంస్థ) కళాశాలల్లో ఆడగలిగేవారు అన్ని డివిజన్లూ కలిపి వందకు ఏడుగురు. అక్కడి నుంచి డ్రాఫ్ట్‌కు, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియకు, అర్హత పొందినవారిలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరేవారు వందకు ఇద్దరి కంటే తక్కువ. ఉన్నవి 32 జట్లు, జట్టుకు 53 స్థానాలు, అందులో డిఫెన్స్‌కు దక్కేవి సగం లోపే. పైగా హైస్కూలు ముగిసి మూడేళ్లు గడిస్తే గాని డ్రాఫ్ట్‌కు అర్హత రాదు. చేరినవారి సగటు కెరీర్ 3.3 ఏళ్లని ఆటగాళ్ల సంఘమే చెబుతోంది. 2025లో కొత్త ఆటగాడి కనీస వేతనం 8,40,000 డాలర్లు. అది పెద్ద మొత్తమే కానీ, ఎక్కువ ఒప్పందాల్లో జీతమంతటికీ హామీ ఉండదు, జట్టు తొలగిస్తే ఆ హామీ లేని సొమ్ము ఆగిపోతుంది. పార్సన్స్ 2025 ఆగస్టులో గ్రీన్ బే ప్యాకర్స్‌తో నాలుగేళ్లకు 18.8 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్న మాట నిజమే. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ కేంద్రం మీ ఊళ్లోనే ఉంది గనుక మీ పిల్లల కళ్లకు అలాంటివారే కనిపిస్తారు, రెండో ఏడాదే జట్టు నుంచి వెళ్లిపోయినవారు కనిపించరు.

మనవాళ్లకు ఇది సాధ్యమా అన్న సందేహం కూడా మీకు ఉండే ఉంటుంది. తండ్రి వైపు భారతీయ మూలాలున్న బ్రాండన్ చిల్లార్ ఇదే లైన్‌బ్యాకర్ స్థానంలో యూసీఎల్‌ఏకు ఆడి, 2004 డ్రాఫ్ట్ నాలుగో రౌండులో సెయింట్ లూయిస్ రామ్స్‌కు ఎంపికై, తరువాత గ్రీన్ బేకు ఆడారు. కాబట్టి పుట్టుక అడ్డు కాదు, శరీరం మాత్రం ప్రశ్నే. ఆ స్థాయి లైన్‌బ్యాకర్లు వంద కిలోలకు పైగా బరువుండి కూడా వేగంగా పరుగెత్తగలరు. మీ అబ్బాయికి ఎదుగుదల ఇంకా మిగిలి ఉంది గనుక బరువు కోసం పొడులూ మాత్రలూ మింగించవద్దు. పెరిగిన శరీరాన్ని బట్టి సేఫ్టీ స్థానానికి మారవలసి వస్తే, అది ఓటమి అనుకోకూడదని ఇప్పటి నుంచే చెప్పండి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది తల. పదేపదే తగిలే దెబ్బల వల్ల మెదడుకు వచ్చే సీటీఈ అనే వ్యాధిని ఇప్పటికీ మరణానంతర పరీక్షలోనే నిర్ధారించగలుగుతున్నారు. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రకటించిన అధ్యయనంలో, పరీక్షించిన 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లలో 110 మందిలో ఈ వ్యాధి కనిపించింది. లక్షణాలను గమనించిన కుటుంబాలు దానం చేసిన మెదళ్లు అందులో ఎక్కువ గనుక ఆ నిష్పత్తిని ఆటగాళ్లందరికీ అన్వయించకూడదు. అయినా ఆడిన ఏళ్లు పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుందనీ, స్పృహ తప్పించే దెబ్బలే కాకుండా చిన్న దెబ్బలు కూడా లెక్కలోకి వస్తాయనీ పరిశోధనలు చెబుతున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో లైన్‌బ్యాకర్ క్రిస్ బోర్లాండ్ మొదటి సీజన్‌లో బాగా రాణించి కూడా, ఈ భయంతోనే 2015లో 24 ఏళ్లకు ఆట వదిలేశారు. టెక్సాస్ చట్టం ప్రకారం, కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అనుమానం వచ్చిన విద్యార్థిని వెంటనే ఆట నుంచి తప్పించాలి, వైద్యుడి రాతపూర్వక అనుమతి లేకుండా తిరిగి ఆడించకూడదు. చట్టం ఉన్నా, తల తిరుగుతోందన్న సంగతి బయటపెట్టవలసినవాడు మీ అబ్బాయే. చెబితే ఆట మాన్పించేస్తారన్న భయం ఇంట్లో ఉంటే అతను దాచిపెడతాడు. అందుకే మీవారి బెదిరింపు అతనికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుందని నా అభిప్రాయం. ఎదుటివాడిని తలతో కాక భుజంతో ఎలా ఆపాలో నేర్పుతున్నారా, వారానికి ఎన్ని నిమిషాలు పూర్తి ట్యాకిల్ (ఎదుటివాడిని పట్టి పడగొట్టే) సాధన చేయిస్తున్నారు అని మీరే వెళ్లి కోచ్‌ను అడగండి. తల్లి అడగవలసిన ప్రశ్నలే ఇవి.

చదువు విషయంలో మీ ఇంట్లో అనుకుంటున్నంత వైరుధ్యం నిజానికి లేదు. టెక్సాస్‌లో సాధారణంగా ఏదైనా సబ్జెక్టులో 70 కంటే తక్కువ మార్కులొస్తే కొంతకాలం ఆటకే దూరం పెడతారు. ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌కు 16 కోర్ (ప్రధాన) కోర్సులూ, వాటిలో కనీసం 2.3 జీపీఏ (సగటు గ్రేడు) కావాలి. ఆ కోర్సుల్లో పది, 12వ తరగతి మొదలయ్యేలోపే పూర్తి కావాలి. హార్వర్డ్, యేల్ వంటి పేరున్న విశ్వవిద్యాలయాల ఐవీ లీగ్‌లో గాని మూడో డివిజన్‌లో గాని క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు, కానీ మంచి మార్కులున్న లైన్‌బ్యాకర్‌కు అక్కడి కోచ్ మద్దతు ప్రవేశంలో ఎంతో ఉపయోగపడుతుంది. మైరన్ రోల్ ఫ్లోరిడా స్టేట్‌లో సేఫ్టీగా ఆడుతూ రోడ్స్ స్కాలర్‌షిప్ సాధించి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చి, 2010 డ్రాఫ్ట్‌లో టెనెసీ టైటన్స్‌కు ఎంపికయ్యారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. ఆ తరువాత వైద్యం చదివి న్యూరోసర్జన్ అయ్యారు. ఆయన గురించి మీవారూ, మీ అబ్బాయీ ఇద్దరూ చదవాలి.

వీసా సంగతి కూడా మరచిపోవద్దు. హెచ్-1బి వారి కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీదున్న పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది, ఈలోగా ఉద్యోగం చేసే అనుమతీ లేదు. కళాశాల ఆటగాళ్లు 2021 జూలై నుంచి తమ పేరు మీద ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు గాని, మీ అబ్బాయి విషయంలో చిన్న దుకాణం ప్రకటనకైనా సంతకం చేసే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని తప్పక సంప్రదించండి.

ఈ వేసవిలో కోచ్‌ను మరొక్క ప్రశ్న అడగండి: మావాడు ఏ డివిజన్‌లో ఆడగలడని మీ అంచనా? ఆ జవాబును రాసిపెట్టుకోండి. 11వ తరగతి ముగిసేసరికి ఏయే కళాశాలల కోచ్‌లు మీ అబ్బాయితో నేరుగా మాట్లాడుతున్నారో, వారు ఏ డివిజన్‌వారో ఆ జవాబు పక్కనే రాసి, అప్పుడు ముగ్గురూ కూర్చొని దరఖాస్తుల జాబితా తయారుచేయండి.