ఓడ ఊగితే అమ్మ తట్టుకుంటుందా?

ప్రశ్న: మే నెలలో అమ్మానాన్నలతో స్కాట్లాండ్ పడమటి తీరానికి చిన్న ఓడలో పోదామనుకుంటున్నాం. అమ్మకు నర్సంపేట బస్సులోనే కడుపులో తిప్పుతుంది. ఎట్లా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నెల మంచిదే ఎంచుకున్నారు. జూన్ వస్తే మిడ్జ్ అనే నుసుములు ముసిరి కుడతాయి, గాలి ఆగితే మరీను. మేలో ఇన్వర్యూ తోటలో రోడోడెండ్రాన్లు విరగబూస్తాయి. 1862లో మొదలైన ఆ తోట, అంత ఉత్తరాన కూడా అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వల్లే బతుకుతోంది.

ఇది లక్నవరం బోటు కాదు, ఊగుతుంది. కింది అంతస్తులో, ఓడ నడుమ ఉన్న గది అడగండి; అక్కడ ఊపు తక్కువ. వాంతులు మొదలయ్యాక మాత్ర వేస్తే లాభం ఉండదు. డాక్టరును అడిగి ముందే వేయాలి. స్టాఫా దీవిలో దిగడం అలలను బట్టే, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. వీసాకు ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు.