టెర్మినల్ ముందా, రన్‌వే ముందా?

మీ విమానాశ్రయంలో రెండు విమానాలు ఒకేసారి వస్తే టెర్మినల్ హాల్లో జనం పట్టడం లేదు, రన్‌వే మీద పగుళ్లు మొదలయ్యాయి, డబ్బేమో ఒక్క పనికే ఉంది, ఏది ముందు అని అడిగారు కదా. నా ఓటు రన్‌వేకే.

తారు పేవ్‌మెంట్, అంటే రన్‌వేకి వేసిన తారు పొరలు, కొన్నేళ్లు నెమ్మదిగా పాడై, ఒక దశ దాటాక గబగబా దిగజారుతుంది. ఇప్పుడు పగుళ్లు పూడ్చి పైపొర వేస్తే తీరే పని, ఆలస్యం చేస్తే అడుగు నుంచి తవ్వాల్సి వస్తుంది. ముందు పీసీఐ (పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్, అంటే పేవ్‌మెంట్ ఎంత బాగుందో చెప్పే సూచిక) సర్వే చేయించండి. 0 నుంచి 100 వరకు మార్కులు వేసి ఏ భాగం ఎంత దెబ్బతిందో తేలుస్తారు. వాన నీరు పోయే దారులూ చూడమనండి, అవి బాగోకపోతే ఎంత మంచి పొర వేసినా నిలవదు. పనిలో పనిగా రన్‌వే చివరి భద్రతా ప్రాంతం, అంటే విమానం రన్‌వే దాటి పోయినా నష్టం తగ్గేలా వదిలే ఖాళీ నేల, కూడా కొలిపించండి. పెద్ద విమానాలు దిగే రన్‌వేలకు స్ట్రిప్ (రన్‌వే చుట్టూ చదును చేసి ఉంచే నేల) చివర నుంచి అది కనీసం 90 మీటర్లు ఉండాలని, 240 అయితే మేలని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) చెబుతుంది.

భద్రత పనులకు గ్రాంటు అడగడం తేలిక. కానీ డిజైన్, అంచనా, భూమి కాగితాలు సిద్ధంగా లేకపోతే ఫైలు కదలదు. మీ వంతు వాటా ముందే పక్కన పెట్టుకోండి.

హాలు సంగతికి కట్టడం కంటే ముందు ఎయిర్‌లైన్లతో మాట్లాడండి. ఒక విమానం అరగంట జరిగినా రద్దీ సగం తగ్గొచ్చు! తర్వాత కట్టాల్సి వచ్చినా, అద్దెలు, పార్కింగ్ ఆదాయం చూపించి అప్పు తెచ్చుకోవచ్చు. కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు మాత్రం గ్రాంటులో సాధారణంగా రావు, లెక్కలో వేసుకోండి.